రాతిని అడుగవలసిన మూడు ప్రశ్నలు

మనుష్యుని బుద్ధికి గల దోషములలో తొందరపడి పేరుపెట్టుట మొదటిది కాకపోయినను, తక్కినవానిలో పెక్కింటికి అదియే మూలమని చెప్పవచ్చును. ఒక వస్తువును చూచిన వెంటనే దానికొక పేరు తగిలించితిమా, ఇక దానినిగూర్చి ఆలోచింపవలసిన పని తీరిపోయినదని మనస్సు తృప్తిపడి ఊరకుండును. ఒకనిని సోమరియనియు, ఒకనిని గర్వియనియు, ఇంకొకనిని అదృష్టవంతుడనియు ముద్రవేసి, అటుపై ఆ ముద్రనే చూచుచు మనిషిని చూచుట మానివేయుదుము. ఈ అలవాటు పోవుటకు ఉపదేశములు చాలవు, అభ్యాసము కావలెను. వ్యయము లేకుండ ఏ ఊరనైనను దొరకునదియు, స్తోత్రమునకు ఉబ్బక నిందకు కుంగక తన స్థితిని ఉన్నదున్నట్లు చూపునదియు అగు వస్తువు నొకదానిని ఈ అధ్యాయమున అభ్యాససాధనముగా సూచింపదలచితిని. అది రాయి, అందును ముఖ్యముగా రూపాంతర శిల.

శిలలను శాస్త్రజ్ఞులు మూడు తెగలుగా విభజించిరి. భూగర్భమునందలి శిలాద్రవము చల్లారి గట్టిపడగా ఏర్పడునవి అగ్నిశిలలు. నీరును గాలియు కొనివచ్చి పోసిన ఇసుక, ఒండ్రుమట్టి, గుల్లల పొడి మొదలగునవి కాలక్రమమున బిగిసి రాయి కాగా ఏర్పడునవి అవక్షేప శిలలు. ఈ రెండింటిలో ఏదో యొక తెగకు చెందియుండి, పిమ్మట వేడిమికిని ఒత్తిడికిని లోనై, కరగిపోకుండగనే తన రూపమును మార్చుకొన్నది రూపాంతర శిల. ఒకసారి మారిన శిల మరల మారుటయు కలదు. మొదటి రెండు తెగలను గుర్తించుటకు చురుకైన చూపు చాలును. మూడవదానిని గుర్తించుటకు చూపుతో పాటు ఓర్పు కావలెను, ఏలయన దాని పూర్వచరిత్ర దానిలోనే ఉన్నను పైకి కనబడదు. వివేచనాభ్యాసమునకు ఇంతకంటె తగిన పాఠ్యవస్తువు అరుదు.

మార్పు జరుగు విధము

రాయి కరగకుండ మారుట యెట్లను సందేహము మొదట ఎవరికైనను కలుగును. పచ్చి ఇటుకను బట్టీలో పెట్టి కాల్చినప్పుడు మట్టి కరగి ద్రవము కాదు. ఐనను బయటికి వచ్చిన ఇటుక లోపలికి పోయిన మట్టియు కాదు. భూమి లోతులందు జరుగు పని ఈ జాతిదే. రాతియందలి ఖనిజముల పరమాణువులు ఘనస్థితిలోనే మెల్లమెల్లగా స్థానములు మార్చుకొనును. చిన్న రేణువులు కలిసి పెద్ద స్ఫటికములగును. పాత ఖనిజములు నశించి, వాని ద్రవ్యముతోనే క్రొత్త ఖనిజములు పుట్టును. రాతి మొత్తపు రసాయనద్రవ్యము చాలవరకు మునుపటిదే, మారినది ఆ ద్రవ్యము అమరిన తీరు.

ఈ పనికి కారకములు నాలుగు. మొదటిది వేడిమి. భూమిలోనికి దిగిన కొలదియు కిలోమీటరునకు సుమారు 25 నుండి 30 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున వేడి పెరుగుచుండును. దాదాపు 200 డిగ్రీల యొద్ద రూపాంతరక్రియ ఆరంభమగునని చెప్పవచ్చును. 700 డిగ్రీల ప్రాంతమునకు వచ్చుసరికి, నీటి తేమ ఉన్నచో, కొన్ని రాళ్లు పాక్షికముగా కరగ మొదలిడును. కరగిన భాగమును కరగని భాగమును చారలు చారలుగా కలిసియున్న అట్టి సంధిశిలకు మిగ్మటైటు అని పేరు. పూర్తిగా కరగినచో అది అగ్నిశిలల లెక్కలోనికి పోవును.

రెండవది ఒత్తిడి. ఇది రెండు విధములు. పైనున్న రాతి బరువువలన కలుగునది కిలోమీటరు లోతునకు వాతావరణపీడనమునకు సుమారు 260 రెట్లు చొప్పున పెరుగును. ఇది అన్ని దిక్కులనుండి సమముగా నొక్కును గనుక రాతిని చిక్కబరచునే కాని దానికొక దిశ నేర్పరుపదు. పర్వతములు పుట్టునప్పుడు భూఖండములు ఒకదానినొకటి నెట్టుకొనుటచే కలుగు ఒత్తిడి యట్లు కాదు. అది ఒక దిక్కునుండి వచ్చును, ఆ దిక్కునకు లంబముగా ఖనిజముల రేకులు బారులు తీరును. మూడవది రాతి సందులలో తిరుగు వేడినీరును బొగ్గుపులుసు వాయువును. ఇవి ఒక చోటి ద్రవ్యమును వేరొక చోటికి మోసికొనిపోయి మార్పును త్వరపరచును. నాలుగవది కాలము. వేడిమి, ఒత్తిడి, ద్రవములు మూడును సమకూడినను, లక్షలకొలది సంవత్సరముల వ్యవధి లేనిదే పెక్కు రాళ్లలో స్ఫటికములు కంటికి కనబడునంతగా ఎదుగజాలవు.

ఈ విషయములు ఒక్కనాట తేలినవి కావు. స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ హట్టన్ భూగర్భపు వేడిమియే శిలలను మార్చుచున్నదని బోధించినప్పుడు, ప్రతిపక్షులు ఒక గట్టి ఆక్షేపణ తెచ్చిరి: సున్నపురాతిని కాల్చినచో వాయువును వదలి సున్నమగును గాని పాలరాయి కాదు గదా అని. లోతున ఒత్తిడి యుండుటచే ఆ వాయువు తప్పించుకొనజాలదని హట్టన్ సమాధానము. ఆయన మిత్రుడైన సర్ జేమ్స్ హాల్ దీనిని పరీక్షింపదలచెను. కాని ప్రకృతి చేయు మహాకార్యములను చిన్న మూసలలో పరీక్షించుట హట్టనునకు సమ్మతము కాదు. అందుచేత హాల్, 1797లో హట్టన్ మరణించిన పిమ్మటనే, సుద్దపొడిని తుపాకిగొట్టములలో దట్టించి మూసి కొలిమిలో కాల్చి చూచెను. పెక్కు గొట్టములు పగిలిపోయినను అతడు విడువలేదు. చివరకు పాలరాతిని పోలిన స్ఫటికమయమైన పదార్థము చేతికి రాగా, 1805లో ఆ ఫలితములను ఎడింబరో రాయల్ సొసైటీకి నివేదించెను. ఇట్టి శిలలకు శాస్త్రమున నేడు వాడుకలో నున్న నామమును 1833లో చార్లెస్ లయల్ ప్రచారమునకు తెచ్చెను. గురువుపై గౌరవమును నిలుపుకొనుచునే గురువు మాటను పరీక్షకు పెట్టిన హాల్ నడవడిని ఈ పుస్తకము చదువువారు గుర్తుంచుకొనవలెను.

పలక, బలపము

ఇక చేతికందు ఉదాహరణమునకు వత్తము. తెలుగుదేశమున తరతరముల పిల్లలకు అక్షరాభ్యాససాధనములైన రాతిపలకయు బలపమును రెండును రూపాంతర శిలలే యను సంగతి, వానిపై ఓనమాలు దిద్దినవారిలో పెక్కుమందికి తెలియదు.

మార్కాపురము పరిసరములందు త్రవ్వి తీయు పలకరాయి కడప శిలాసముదాయములోని నల్లమల వర్గమునకు చెందినది. అది ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద. బురద బిగిసి మట్టిరాయి ఆయెను. పక్కనుండి వచ్చిన ఒత్తిడికిని మితమైన వేడిమికిని లోనై, దానిలోని మట్టిరేణువులు సూక్ష్మమైన అభ్రకపు రేకులుగను క్లోరైటు రేకులుగను మారి, అన్నియు ఒకే దిక్కునకు బారులు తీరెను. అందుచేతనే రాతి అంచున ఉలి నిలిపి సుత్తితో మెల్లగా కొట్టినచో దిమ్మ నున్నని రేకులుగా విడివడును. ఒక పాత పలకను వెలుతురున ఏటవాలుగ పట్టి చూచితిమా, కొన్నింటిపై అడ్డముగా పోవు సన్నని చారలు కనబడును. అవి బురద పేరుకొన్ననాటి పొరలు. రాయి చీలు దిక్కు ఆ పొరల దిక్కు కాదు; ఒత్తిడి నిర్ణయించిన దిక్కు. ఒకే పలకపై దాని పుట్టుకయు, దాని అనుభవమును రెండు వేరు వేరు గీతలుగా వ్రాయబడియున్నవి.

బలపపు రాయి కథ వేరు. కడప, అనంతపురము సీమలందలి వేంపల్లె సున్నపురాతిలో మెగ్నీషియము అధికముగా నున్నది. ఆ రాతి పొరల నడుమకు డోలరైటు అను అగ్నిశిల కరగిన స్థితిలో చొచ్చుకొనివచ్చినప్పుడు, రెండింటి సరిహద్దున గల సున్నపురాయి వేడెక్కి, సిలికాను మోసికొనివచ్చిన వేడినీటితో కలిసి మార్పుచెందెను. తాడిపత్రి దాపుననున్న ముచ్చుకోట కొండలలో ఇట్లు బలపపు రాయి ఏర్పడెను. పులివెందుల ప్రాంతమున ఇట్టి సరిహద్దునందే రాతినార పుట్టెను. బలపమునందు ప్రధానమైన టాల్కు ఖనిజము గోటితో గీచినను పొడి రాలునంత మెత్తనిది. కాఠిన్యపు కొలమానమున దానిది ఒకటవ స్థానము, అనగా అన్నిటికంటె క్రింది మెట్టు. పలకను ఒత్తిడి చేసినది, బలపమును వేడిమియు నీరును చేసినవి. ఒకటి గట్టిది, నల్లనిది, రేకులుగా చీలునది. రెండవది మెత్తనిది, తెల్లనిది, జిడ్డుగా తగులునది.

మొదటి ప్రశ్న: ఇది పూర్వమేమి?

రూపాంతర శిల చేతికి వచ్చినప్పుడు పేరు చెప్పుటకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న దాని మూలశిలను గూర్చినది. బంకమట్టి మూలమైనచో, వేడిమియు ఒత్తిడియు హెచ్చిన కొలదియు అది క్రమముగా పలకరాయి, ఫిల్లైటు, షిస్టు, నైసు అను నాలుగు మెట్లెక్కును. శుద్ధమైన ఇసుకరాయి మూలమైనచో క్వార్ట్జైటు అగును. సున్నపురాయి మూలమైనచో పాలరాయి యగును. తాజమహలునకు వాడిన రాజస్థానమునందలి మక్రానా రాయి ఇట్టిదే. బసాల్టు వంటి నల్లని అగ్నిశిల మూలమైనచో ఆకుపచ్చని షిస్టుగను, ఇంకను వేడెక్కినచో ఆంఫిబొలైటుగను మారును. గ్రానైటు మూలమైనచో చారల నైసు అగును.

ఇక్కడ జాగ్రత్త పడవలసిన దొకటి కలదు. మట్టినుండి పుట్టిన నైసును, గ్రానైటునుండి పుట్టిన నైసును పైకి ఒకే తీరున కనబడవచ్చును. ఒక చివరకు చేరిన రెండు శిలలు ఒక చోటనే బయలుదేరియుండునను నియమము లేదు. సాక్ష్యము లోపలి ఖనిజములలో వెదకవలెను. విశాఖపట్టణపు కైలాసగిరియు సింహాచలపు కొండయు ఖొండలైటు అను శిలతో ఏర్పడినవి. కళాహండి సీమను పరిశోధించిన టి. ఎల్. వాకర్ 1902లో అచ్చటి ఖోండు జాతివారి పేరుమీదుగ దానికా పేరిడెను. దానియందు ఎర్రని గార్నెటు, సూదులవంటి సిల్లిమనైటు, అక్కడక్కడ నల్లని గ్రాఫైటు రేకులు కనబడును. మొదటి రెండును మూలమున అల్యూమినియము సమృద్ధిగానున్న బంకమట్టి ఉండెననియు, గ్రాఫైటు ఆ మట్టిలో కర్బనద్రవ్యము కలసియుండెననియు తెలుపుచున్నవి. తూర్పు కనుమల ఆ కొండలు ఒకనాటి బురదనుండి పుట్టినవని మనకు చెప్పునవి ఆ చిన్న రేణువులే.

రెండవ ప్రశ్న: ఇది దేనికి లోనైనది?

ఒకే మూలద్రవ్యము వేరు వేరు అనుభవములకు లోనై వేరు వేరు శిలలగును గనుక రెండవ ప్రశ్న అవసరమగుచున్నది. శిలాద్రవపు స్పర్శచే దాని చుట్టుపట్ల కొలది మీటర్లనుండి కొన్ని కిలోమీటర్ల వరకు జరుగునది స్పర్శరూపాంతరము. వేడిమి యిందు ప్రధానము, బలపపు రాయి ఇందునకు ఉదాహరణము. పర్వతోద్భవమున వందల కిలోమీటర్ల మేర వేడిమియు ఒత్తిడియు కలిసి చేయునది ప్రాంతీయ రూపాంతరము. లోకమునందలి షిస్టులును నైసులును అధికభాగము దీని ఫలములే. భూమి పగుళ్ల వెంబడి శిలలు ఒకదానినొకటి ఒరసికొని నలిగినచో మైలోనైటు అను సన్నని చారల రాయి ఏర్పడును. ఇది యాంత్రిక రూపాంతరము. వేడినీటి ప్రవాహముచే జరుగునది జలోష్ణ రూపాంతరము.

ఎంత లోతున, ఎంత వేడిమిలో మారెనో రాయి ఎట్లు చెప్పును? 1893లో జార్జి బారో అను శాస్త్రజ్ఞుడు స్కాట్లండు ఉన్నతభూములయందు నడచి నడచి పరిశీలించి, ఒకే విధమగు మట్టిశిలలలో ఒక దిక్కునకు పోయిన కొలదియు క్రొత్త క్రొత్త ఖనిజములు వరుసగా ప్రత్యక్షమగుచున్నవని కనిపెట్టెను. ఆ మార్గమున పనిచేసిన తరువాతివారు ఆ వరుసను క్లోరైటు, బయొటైటు, గార్నెటు, స్టారొలైటు, కయనైటు, సిల్లిమనైటు అని స్థిరపరచిరి. ఆ వరుసలో ముందుకు పోయిన కొలదియు వేడిమి హెచ్చినదని అర్థము. 1915లో ఫిన్లండు దేశీయుడైన పెంటి ఎస్కోలా ఒకే వేడిమి, ఒకే ఒత్తిడి గల పరిస్థితులలో ఏయే ఖనిజములు కలిసి పుట్టునో వానిని సముదాయములుగా కూర్చి, శిల ఏ మూలమునుండి వచ్చినను అది చూచిన పరిస్థితిని చదువుటకు మార్గమేర్పరచెను.

ఈ సాక్ష్యము ఎంత సూక్ష్మమైనదో ఒక్క దృష్టాంతముచే తెలిసికొనవచ్చును. ఆండలుసైటు, కయనైటు, సిల్లిమనైటు అను మూడు ఖనిజముల రసాయనద్రవ్యము అక్షరాల ఒక్కటే. తక్కువ ఒత్తిడిలో మొదటిదియు, ఎక్కువ ఒత్తిడిలో రెండవదియు, ఎక్కువ వేడిమిలో మూడవదియు పుట్టును. సుమారు 500 డిగ్రీల వేడిమి, వాతావరణమునకు 4000 రెట్ల ఒత్తిడి గల యొక స్థితియందు మాత్రమే మూడును కలిసి నిలువగలవు. కొత్తగూడెము చేరువను గరీబుపేట కొండ రాతిలో గార్నెటుతో పాటు కయనైటు ఉన్నది. విశాఖ కొండల రాతిలో గార్నెటుతో పాటు సిల్లిమనైటు ఉన్నది. రెండింటికిని మట్టియే మూలమైనను, రెండవది మొదటిదానికంటె మిక్కిలి తీవ్రమైన వేడిమిని చూచినదని ఆ యొక్క ఖనిజభేదమే చెప్పుచున్నది.

మూడవ ప్రశ్న: ఇప్పుడెట్లు అమరియున్నది?

చేతిలోని రాతికి పేరుపెట్టుటకు శాస్త్రము ముఖ్యముగా ఆధారపడునది మూడవ ప్రశ్నపై. ఖనిజములు రేకులుగను చారలుగను బారులు తీరియున్నచో అవి పత్రితశిలలు. దిశలేని రేణువులై ఒకదానితో నొకటి అల్లుకొనియున్నచో అపత్రితశిలలు. పత్రితశిలలలో రేణువుల పరిమాణమే మెట్టును తెలుపును. పలకరాయిలో రేకులు కంటికి కనబడవు, రాయి మాత్రము నున్నగా చీలును. ఫిల్లైటులోను కనబడవు గాని పైభాగము పట్టువలె తళతళలాడును. షిస్టులో అభ్రకపు రేకులు కంటికి స్పష్టముగా కనబడి, వ్రేలితో రాచినచో రాలును. నైసులో తెల్లని చార, నల్లని చార వేరుపడియుండును. బెంగుళూరు లాల్‌బాగు తోటలోని బండ ఈ చారలను చూచుటకు ప్రసిద్ధమైన స్థలము.

క్వార్ట్జైటు, పాలరాయి, హార్న్‌ఫెల్సు అపత్రితశిలలు. ఇందు గమనింపదగినది, ఇసుకరాతిలో రేకుల ఖనిజములు లేనందున ఎంత ఒత్తిడి కలిగినను క్వార్ట్జైటు పలకవలె చీలదు. బారులు తీరుట ఒత్తిడి యొక్కదాని పని కాదు. తీరుటకు తగిన ద్రవ్యము మూలమున ఉండవలెను.

చేతితో చేయదగిన పరీక్షలు

ఈ పరీక్షలకు ఒక భూతద్దము, ఒక పాత చాకు, ఒక గాజుముక్క, ఒక నిమ్మకాయ చాలును. తెల్లని రాయి దొరికినప్పుడు అది పాలరాయియో క్వార్ట్జైటో తెలియనిచో చాకుతో గీయుడు. పాలరాయి గీరుకొనిపోవును; క్వార్ట్జైటు గీరుకొనకపోగా తానే గాజును గీచును. గీచిన పొడిపై నిమ్మరసము పిండినచో పాలరాతి పొడినుండి సన్నని బుడగలు వచ్చును, క్వార్ట్జైటునుండి రావు. ఇసుకరాతికిని క్వార్ట్జైటునకును భేదము విరిగిన ముఖమున కలదు: మొదటిది రేణువుల చుట్టును విరుగుటచే గరుకుగా నుండును, రెండవది రేణువులను చీల్చుకొని విరుగుటచే నున్నగా మెరయును. తిరుమల శిలాతోరణపు రాయి క్వార్ట్జైటే యైనను దానియందు ఇసుకనాటి పొరలు నేటికిని కనబడుచున్నవి; అట్టిచోట వేడిమి చేసిన పని స్వల్పమని గ్రహింపవలెను. అది రక్షిత స్థలము గనుక కంటితో చూచుటయే కాని చాకు తాకింపరాదు.

బజారు పేర్లను నమ్మరాదు. ఇండ్లకు పరచు కడప బండ నలుపురంగున పలకరాతిని పోలియున్నను అది సున్నపురాయి, రూపాంతరము చెందినది కాదు. నిమ్మరసపు పరీక్షయే ఆ సంగతి తేల్చును. అమరావతి స్తూపశిల్పములను పాలరాతి శిల్పములని లోకము పిలిచినను, అవి పల్నాటి సున్నపురాతిలో మలచినవి. నిర్ణయమునకు సాక్ష్యము చాలనప్పుడు వేచియుండుటయు నేర్వవలెను. కలకత్తాలో జాబ్ చార్నాకు సమాధిపైనున్న రాతినిబట్టి టి. హెచ్. హాలండు 1893లో చార్నకైటు అని పేరిడిన శిల అగ్నిశిలయా, రూపాంతర శిలయా యని విద్వాంసులు దశాబ్దములకొలది వాదించిరి. అంత కాలమును వారు ప్రశ్నను మూసివేయలేదు.

నేర్వగూడని నీతి

వ్యక్తిత్వమును గూర్చి వ్రాయువారు రూపాంతర శిలలను తలచినప్పుడెల్ల, వేడిమియు ఒత్తిడియు రాతిని దృఢపరచినట్లు కష్టములు మనిషిని దృఢపరచునని సులభముగా ఒక నీతిని చెప్పి ముగింతురు. అది రాతి సాక్ష్యమునకు విరుద్ధము. గట్టి సున్నపురాయి వేడిమికి లోనై గోటికి రాలు బలపముగ మారినది గదా! కోణార్క దేవాలయమును చూడుడు. అందు గోడలకు అధికముగా వాడినది ఖొండలైటు. ద్వారబంధములకును కొన్ని విగ్రహములకును వాడినది క్లోరైటు ప్రధానమైన ఆకుపచ్చని రాయి. ఖొండలైటు 800 డిగ్రీలకు పైబడిన వేడిమిని చూచిన శిల. క్లోరైటు రాయి క్రింది మెట్టున పుట్టినది, ఉలికి మెత్తనిది. ఐనను సముద్రపు గాలికి ఖొండలైటు గోడలు విశేషముగా శిథిలమాయెను, క్లోరైటుపై చెక్కిన నగిషీ నేటికిని స్పష్టముగా నున్నది. కారణము తెలియనిది కాదు. అధికమైన వేడిమిలో పుట్టిన ఖనిజములు ఆ స్థితియందే స్థిరములు. చల్లని, తడి గల భూతలమున అవి త్వరలో చెదరి మట్టిగా మారును. తూర్పు కనుమల ఖొండలైటు శిఖరములపై బాక్సైటు ఏర్పడుట కూడ ఇట్టి శైథిల్యమువలననే.

కాబట్టి కష్టము దానియంతట అది గుణము కాదు, దోషము కాదు. దాని ఫలము మూలద్రవ్యమునుబట్టియు, కష్టపు స్వభావమునుబట్టియు, తరువాత నిలువవలసిన చోటునుబట్టియు ఉండును. ముప్పదియేండ్లు కార్యాలయమున అధికారము నడపి మెప్పుపొందినవాడు పదవీవిరమణము చేసిన పిమ్మట ఇంటియందు ప్రతిచిన్నదానికిని కసరుచున్నచో, అతనిని చెడ్డవాడని ముద్రవేయుటకు ముందు, ఆ నిష్ఠురత ఏ స్థితియందు పుట్టి ఏ స్థితికి పనికివచ్చినదో విచారింపవలెను. అది విచారించిన ఇంటివారికి కోపము తగ్గును. తానే విచారించుకొన్న పెద్దమనిషికి మారుటకు దారి దొరకును. రాయి తన పరిస్థితిని ఎన్నుకొనజాలదు. మనిషి కొంతవరకు ఎన్నుకొనగలడు; ఆ కొంతలోనే సాధనకు తావున్నది.

అభ్యాసక్రమము

ఒక పుస్తకమున ప్రతిపుటను మూడు గళ్లుగా విభజించి, పూర్వము, అనుభవము, అమరిక అని శీర్షికలు వ్రాయుడు. వారమునకొక రాతిని తెచ్చి, మొదట మూడవ గడిని నింపుడు, ఏలయన కంటికి కనబడునది అదియే: రంగు, రేకులు, చారలు, కాఠిన్యము, నిమ్మరసమునకు స్పందించెనా లేదా. ఆ సాక్ష్యమునుండి రెండవ గడికిని, దానినుండి మొదటి గడికిని పొండు. తెలియని గడిని ఖాళీగా విడువుడు, ఊహతో నింపకుడు. పేరును పుట అడుగున అన్నిటికంటె చివర వ్రాయవలెను.

ఇట్లు కొన్ని వారములు నడిచి చేయి కుదిరిన పిమ్మట, అవే మూడు గళ్లతో ఒక మనిషిని పరిశీలింపుడు. తరగతిలో వెనుకబడిన కుఱ్ఱవాడొకడు ఉన్నాడనుకొందము. అతడు ఏ పాఠములు చదువగలడు, ఏవి చదువలేడు, రోజును ఎట్లు గడపును అనునది అమరిక. ఊరు మారెనా, జబ్బుపడెనా, బోధనాభాష మారెనా, ఇంట ఏ భారమైన మీద పడెనా అనునది అనుభవము. అంతకు ముందు ఏ విషయములందు ఆసక్తి కలిగియుండెనో అది పూర్వము. ఈ మూడును వ్రాసిన ఉపాధ్యాయుడు పుట అడుగున మొద్దు అను మాటను వ్రాయుటకు సాధారణముగా సాహసింపడు. వ్రాయవలసివచ్చినది వేరొక మాటయై, దానితో పాటు చేయవలసిన పనియు తోచును.

చివరకు మీ పేరుతో ఒక పుట తెరువుడు. అన్యులను పరిశీలించుటకంటె ఇది కష్టము, ఏలయన మన విషయమున మనము పేరునే మొదట వ్రాసికొని కూర్చుందుము. ఆ పేరును కొట్టివేసి, మూడవ గడినుండి ఆరంభింపుడు. ఈ అధ్యాయమును మూసిన పిమ్మట మొట్టమొదట చేయవలసినది ఇంకొక అధ్యాయము చదువుట కాదు. వీథిలోనికి పోయి ఒక రాతిని తెచ్చుకొనుట.